శకునం పిల్లితో దుర్గ్ దాకా

పిల్లి ఎదురొస్తే ప్రయాణం మానుకున్నవాళ్ళని చాలామందిని చూశాను. పిల్లి కోసమే ప్రయాణం పెట్టుకున్నవాణ్ణి మాత్రం ఒక్కణ్ణే చూశాను, అదీ గడ్డం గీసుకుంటూ అద్దంలో. దుర్గ్ వెళ్ళే రోడ్డున మీరెవరూ పిల్లితో వెళ్ళి ఉండరు కాబట్టి, వెళ్ళే ఉద్దేశం కూడా ఉండదు కాబట్టి, నేను పడ్డ పాట్లు మీకు చెప్పితీరాలి.

ముందు మా అక్కయ్య సంగతి. మాది కోనసీమ. స్టీలుప్లాంటులో ఉద్యోగం రాగానే నేను కూర్మన్నపాలెంలో కాపురం పెట్టాను. బావగారు పోయాక అక్కయ్య కూడా మా దగ్గరికే వచ్చేసింది. చిన్నప్పుడు నన్ను ఎత్తుకుని పెంచిన మనిషి. శకునాల విషయంలో మాత్రం ఆవిడది హైకోర్టు. నేను ఉద్యోగంలో చేరడానికి బయల్దేరిన రోజున వీధిలో పిల్లి ఎదురొచ్చిందని నన్ను వెనక్కి పిలిచి, కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, మళ్ళీ పంపింది. ఈలోగా రైలు వెళ్ళిపోయింది. నేను ఒకరోజు ఆలస్యంగా చేరాను. అందుకే ప్లాంటు మిల్లులో నా కంటే ఒకరోజు సీనియరైనవాడు ఇప్పటికీ నా మీద అధికారం చెలాయిస్తున్నాడు.

అలాంటి అక్కయ్య ఒక వానాకాలం సింహాచలం వెళ్దామని గడప దాటితే, తడిసిన పిల్లికూన ఎదురొచ్చింది. లోపలికొచ్చి కూర్చుంది, నీళ్ళు తాగింది, మళ్ళీ బయల్దేరింది. మళ్ళీ అదే కూన. మూడోసారి కూడా అదే వచ్చేసరికి ఆవిడ దాన్ని చెంగులో చుట్టుకుని లోపలికి తెచ్చి పాలు పోసింది. "ఇదేంటి అక్కయ్యా?" అంటే, "ఇంట్లో పెట్టేసుకుంటే ఇంక వీధిలో ఎదురొచ్చే ప్రసక్తే లేదు కదరా రామం" అంది. ఆ కూనే చిట్టెమ్మ. మా ఇంట్లో నీచు ముట్టం గనక పెరుగన్నం తిని పెరిగింది. చేప అంటే ఏమిటో దానికి తెలియదు.

కొన్నేళ్ళ కిందట అక్కయ్య నెల్లాళ్ళుండి వద్దామని దుర్గ్‌లో ఉన్న కూతురు పద్మ దగ్గరికి వెళ్ళింది. అక్కడ స్నానాలగదిలో జారిపడి తొడ ఎముక విరిగింది. ఆపరేషన్ చేసి లోపల ఉక్కు రాడ్డు వేశారు. మేం మిల్లులో పొద్దస్తమానం సాగదీసేది ఆ సరుకే. రాడ్డు బాగానే అతుక్కుంది గాని మనిషి అతుక్కోలేదు. పద్మ ఫోన్ చేసి ఏడ్చింది. "మావయ్యా, అమ్మ కాలు కింద పెట్టనంటోంది. ఇప్పుడు నడవకపోతే ఇంక ఎప్పటికీ మంచమేనని డాక్టరు చెప్పేశారు. అన్నం కూడా తినట్లేదు. గోడవైపు తిరిగి పడుకుని చిట్టెమ్మేదీ, చిట్టెమ్మేదీ అంటోంది" అంది.

అదీ కథ. మా అక్కయ్య మంచం దిగాలంటే పిల్లి దుర్గ్ చేరాలి.

కూర్మన్నపాలెం: ఏర్పాట్లు

మొదట దువ్వాడ స్టేషన్‌కి వెళ్ళి అడిగాను. అక్కడున్నాయన ఎంతో మర్యాదగా, గార్డు పెట్టెలో కుక్కల కోసం ఇనప గూడు ఉంటుందనీ, అందులో వేసి పంపొచ్చనీ చెప్పాడు. ఆ ముక్క ఫోన్‌లో చెప్పగానే అక్కయ్య బావురుమంది. "కుక్కలు పడుకునే ఇనప గూట్లోనా! దానికంటే నన్ను పంపెయ్యరాదుట్రా ఆ గూట్లో?" అంది. రైలు మాట అక్కడితో సరి.

తర్వాత పశువుల డాక్టరు. ఆయన రోజంతా గేదెలతో గడిపే మనిషి. పిల్లిని చూసి చాలా సంతోషించాడు. సూది వేసి, బుట్ట కొని నాలుగు రోజుల ముందునుంచే అందులో పడుకోబెట్టి అలవాటు చెయ్యమన్నాడు. అలవాటైన పాతగుడ్డ ఒకటి అందులో వెయ్యాలి. బయల్దేరే ముందు కడుపునిండా పెట్టకూడదు. నోరు తెరిచి రొప్పితే తడిగుడ్డ కప్పాలి. బండిని ఎండలో ఆపి అద్దాలు మూసి వెళ్ళిపోకూడదు. చేరాక ముందు ఒక్క గదిలో తలుపులేసి ఉంచాలి. "అన్నిటికంటే ముఖ్యం, ఆరుబయట మూత తీయకండి. ఎంత ఏడ్చినా తీయకండి" అని రెండుసార్లు చెప్పాడు. నా పెళ్ళికి తరలి వెళ్ళేటప్పుడు కూడా నాకెవరూ ఇన్ని జాగ్రత్తలు చెప్పలేదు.

బుట్ట కొనమన్నాడా? మేం స్టీలుప్లాంటు మనుషులం. మా దగ్గర దేనికైనా పరిష్కారం ఉక్కే. నా మిత్రుడొకడు జంక్షన్‌లో వెల్డింగ్ షాపువాడి పక్కన కూర్చుని, సొంత పనిలా చూసుకుని, ఒక బోను చేయించుకొచ్చాడు. నాలుగు పక్కలా రాడ్లు, అడుగున రేకు, పైన లాకు, పసుపు రంగు, దాని మీద నల్లచారలు. "దీని మీద క్రేను పడ్డా పిల్లికేం కాదు" అన్నాడు. నిజమే. ఒక్కటే ఇబ్బంది, దాన్ని ఎత్తాలంటే ఇద్దరు మనుషులు కావాలి. చిట్టెమ్మ నాలుగు రోజులూ ఆ బోను పైన పడుకుంది గాని లోపలికి వెళ్ళలేదు. మా ఆవిడ నా పాత పైజామా బొందు, రవికెగుడ్డ కలిపి దానికి ఛాతీ పట్టీ, తాడు కుట్టింది. సెలవు చీటీలో కారణం దగ్గర కుటుంబ సభ్యురాలిని దిగబెట్టడం అని రాశాను. సంతకం పెట్టినాయన పెద్దావిడా అని అడిగితే, నడివయసేనండీ అని చెప్పాను.

ఇక బండి. మా సామాన్లు మొదటిసారి దింపిన వ్యాను డ్రైవరు అప్పలరాజు. అప్పటినుంచి నన్ను బావా అంటాడు. మొదట్లో నాకు కొంచెం ఇదిగా ఉండేది. తర్వాత చూస్తే ఊళ్ళో సగంమంది అతనికి బావలే. వాళ్ళది చేపలు పట్టే కుటుంబం, అన్నదమ్ములు ఇప్పటికీ వేటకి వెళ్తారు. ఇతను మాత్రం వ్యాను కొనుక్కుని ఎండుచేపలు తోలుతుంటాడు. సగం లోడు జగదల్‌పూర్‌కి, సగం రాయపూర్‌కి. అక్కడినుంచి దుర్గ్ ఎంతో దూరం లేదు.

"పిల్లినేటి? ఎండుసేపల బండిలోనేటి?" అని నోరు తెరిచాడు. "బావా, ఇది పెళ్ళికూతుర్ని బంగారం కొట్లో ఒగ్గేసినట్టే కదేటి!"

"అది చేపలు తినదు."

"తినదా? ఏటి, మడి కట్టిందా?"

"అన్నట్టు దానికి చేప ముక్క చూపించావంటే నీకూ నాకూ చెల్లు. అక్కయ్య నన్ను గుమ్మం ఎక్కనివ్వదు."

అప్పలరాజు చెంపలేసుకున్నాడు. నా మీద గౌరవంతో కాదు, అక్కయ్య మీద భయంతో.

తగరపువలస

బయల్దేరే ముందే పేచీ వచ్చింది. అప్పలరాజుకి శకునాల పట్టింపు అక్కయ్యని మించి ఉంది. వాళ్ళవాళ్ళు పిల్లి ఎదురైతే తెప్ప దింపరట. "మరి పిల్లే బండెక్కితే ఏటో మావోళ్ళెవరూ సెప్పలేదు బావా" అని తల గోక్కున్నాడు. చివరికి అతనే తీర్పు చెప్పాడు. ఎదురొస్తేనే దోషం, వెనకాల ఉంటే దోషం లేదు. అందుచేత చిట్టెమ్మని బలవంతాన బోనులో కుక్కి, వెనకాల చేపల మూటల మధ్య పెట్టాం.

గాజువాక దాటి, పోర్టు లారీల ధూళి మింగి, ఊరు దాటేసరికి ఎండ నెత్తికెక్కింది. వెనకనుంచి చిట్టెమ్మ అరుపు. మొదట పెద్దగా, తర్వాత సన్నగా, తర్వాత అసలు లేదు. తగరపువలసలో బండి ఆపించి చూస్తే, బోను రాడ్లు పెనంలా కాలుతున్నాయి. పిల్లి నోరు తెరుచుకుని రొప్పుతోంది. మేం ఉక్కు చేస్తాం గాని, అది ఎండలో ఏం చేస్తుందో ఆలోచించలేదు.

తడిగుడ్డ కప్పి నీడలోకి తీశాక, ఎదురుగా బజారులో గంపలు అమ్ముకుంటున్న ముసలమ్మ కనిపించింది. వెదురు గంప, మూతతో సహా, గాలి ఆడేలా అల్లింది. డాక్టరు మొదటే చెప్పిన వస్తువు.

"కోళ్ళకా బాబూ?" అంది.

"కాదమ్మా, పిల్లికి."

"పిల్లికి గంపేటి? దానికి కాళ్ళు లేవేటి?"

"దుర్గ్ దాకా వెళ్ళాలి. రెండు రాష్ట్రాల అవతల."

"అక్కడ పిల్లులు లేవేటి బాబూ?" అని నిజంగా ఆశ్చర్యపోయింది. పక్క కొట్లవాళ్ళు కూడా వచ్చి నిలబడ్డారు. ఒకాయన నన్ను జాలిగా చూసి, ఎండలో తిరగొద్దని చెప్పాడు.

గంప నలభై రూపాయలంది. కాని ఆవిడ కళ్ళు పసుపు బోను మీద పడ్డాయి. "ఆ బోను ఒగ్గెల్లిపో బాబూ, నా కోళ్ళు అందులో పెట్టుకుంతాను. ఏ కుక్కా ముట్టుకోలేదు" అంది. గంప ఉత్తినే ఇచ్చి, పైన ఒక చేట కూడా చేతిలో పెట్టింది. తగరపువలసలో ఇప్పటికీ క్రేను పడ్డా చెక్కుచెదరని కోళ్ళు ఉన్నాయి.

గంప నా ఒళ్ళో పెట్టుకుని ముందు సీట్లో కూర్చున్నాను. పిల్లి ముందుకి వచ్చేసింది గదా, మరి శకునం? అప్పలరాజు కాసేపు ఆలోచించి, "మన పిల్లి మనకి ఎదురెలాగవుద్ది బావా? నీ పెళ్ళాం నీకు ఎదురొచ్చినట్టే కదేటి" అన్నాడు. నా అనుభవంలో అది ఏమంత మంచి పోలిక కాదు గాని, బండి కదిలింది.

జయపురం

విజయనగరం, సాలూరు దాటాక కొండెక్కే ఘాటురోడ్డు. మన మైదానం మనిషికి ఆ మలుపులు కడుపులో తెలుస్తాయి. చిట్టెమ్మకి కడుపు ఖాళీ కాబట్టి హాయిగా పడుకుంది. నేను సాలూరులో ఎనిమిది ఇడ్లీలు తిన్నాను కాబట్టి నా సంగతి చెప్పను. డాక్టరు మాట పిల్లికే కాదు, నాకూ వర్తిస్తుందని తెలిసింది.

జయపురం ఒరిస్సాలో ఉంది గాని బజారులో తెలుగు బాగానే వినిపిస్తుంది. లాడ్జి ఆయన కూడా తెలుగాయనే, శ్రీకాకుళం నుంచి తాతల కాలంలో వచ్చారట. జంతువులని రానివ్వనని బోర్డు ఉంది. అప్పలరాజు నన్ను నోరెత్తనివ్వకుండా, "కోడి. మొక్కుబడి కోడి" అన్నాడు. ఆ క్షణంలోనే గంపలోంచి మొక్కుబడి కోడి మ్యావ్ అంది.

ఆయన కోప్పడతాడనుకుంటే మొహం విప్పారింది. "పిల్లా? ముందే చెప్పరేటండీ! మా బియ్యం గదిలో ఎలకలు సంత పెట్టీసినాయి. ఈ రాత్రికి దాన్నక్కడ ఉంచండి, మీ గదికి అద్దె అక్కర్లేదు" అన్నాడు. తలుపులేసి ఒక్క గదిలో ఉంచమని డాక్టరు చెప్పనే చెప్పాడు. ఇంతకంటే భద్రమైన గది ఏముంటుందని ఒప్పుకున్నాను.

పొద్దున తలుపు తీస్తే, చిట్టెమ్మ అన్నిటికంటే పైనున్న బస్తా మీద ముడుచుకుని కూర్చుని వణుకుతోంది. కింద పళ్ళెంలో నేను పెట్టిన పెరుగన్నం ఎలకలు శుభ్రంగా తినేశాయి. లాడ్జి ఆయన ఆ దృశ్యం చూసి, "ఇదేటి పిల్లండీ బాబూ, మా ఎలకలకి బోయినం పెట్టీసినాది" అని అద్దె పూర్తిగా వసూలు చేశాడు. నేను బేరమాడలేదు. ఆయన బాధలో న్యాయం ఉంది.

జగదల్‌పూర్

ఒరిస్సా దాటాక వచ్చే ఆ రాష్ట్రం అప్పటికి కొత్తగా ఏర్పడింది. బోర్డుల మీద పాత రాష్ట్రం పేరు కొట్టేసి, కొత్త పేరు ఇంకా సరిగ్గా ఆరని రంగుతో రాసి ఉంది. సంతలోకి వెళ్తే మన ఎండుచేపల గౌరవం ఏమిటో తెలుస్తుంది. మా వీధిలో ఎవరైనా ఎండుచేపలు వేయిస్తే కిటికీలు మూసుకుంటాం. ఇక్కడ అప్పలరాజు మూట విప్పేసరికి ఆడవాళ్ళు చుట్టూ చేరి, ఒక్కొక్క చేపనీ వాసన చూసి, తెచ్చిన చింతపండుతో తూచి మార్చుకున్నారు. చేపకి చింతపండు ఎదురొస్తే పులుసు అక్కడే తయారైనట్టు లెక్క.

పక్కన ఆకుదొప్పల్లో ఎర్రచీమల పచ్చడి. అమ్మే ఆమె రుచి చూడమని కొంచెం వేలిమీద పెట్టింది. హిందీలో వద్దని చెప్పబోయి ఇంకొంచెం కావాలని చెప్పినట్టున్నాను, దొప్ప నిండా ఇచ్చింది. నీచు ముట్టని వంశంలో పుట్టి చీమని ఏ లెక్కలో వెయ్యాలో తెలియక నేను నిలబడి ఉంటే, అప్పలరాజు తీసుకుని రొట్టెతో నంజుకు తినేశాడు. పుల్లగా బాగుందట.

చిట్టెమ్మ మాత్రం ముద్ద ముట్టలేదు. పెరుగన్నం, పాలు, పాలలో రొట్టె, ఏది పెట్టినా మూతి తిప్పుకుంది. గంపలో అక్కయ్య పాత చీరముక్క వేశాం, దాని మీద తల పెట్టుకుని కళ్ళు మూసుకుని పడుకుంది. అక్కడ ఒకావిడ అన్నం మానేసి గోడవైపు తిరిగి పడుకుంది, ఇక్కడ ఇది. ఇది గాని దారిలో పోతే అక్కయ్యకి ఏం చెప్పాలి? ఖాళీ గంప పట్టుకుని ఆ గుమ్మంలో ఎలా నిలబడాలి? నవ్వులాటగా బయల్దేరినవాడికి అక్కడ మొదటిసారి భయం పట్టుకుంది.

"ఒక్క నెత్తల్లు సేప పెట్టి సూద్దాం బావా. ఎండు నెత్తల్లు. ఇంతే ఉంతాది" అన్నాడు అప్పలరాజు.

"పెట్టావంటే దిగిపోతాను."

"ప్రాణం పోతందంటే కూడా మడేనేటి?"

పట్టింపులు అక్కయ్యవే అనుకునేవాణ్ణి ఇన్నాళ్ళూ.

కేష్కాల్ ఘాటు

మర్నాడు కొండగావ్ దాటాక ఇంకో ఘాటు. సగంలో ఒక మలుపు దగ్గర టీకొట్టు ఉంటే ఆగాం. చిట్టెమ్మ గంపలో గిలగిలా కొట్టుకుంటూ అరుస్తోంది. దానికి బయటికి వెళ్ళే అవసరం ఉందని నాకు అర్థమైంది. మనిషికైనా ఆ అరుపు అర్థమవుతుంది. పట్టీ ఉంది, తాడు నా చేతికి చుట్టుకున్నాను, ఇంక భయమేమిటని మూత తీశాను. అప్పుడే లారీ హారన్ మోగింది, ఎంత ఏడ్చినా తీయకండి అని డాక్టరు రెండుసార్లు ఎందుకు చెప్పాడో నాకు తెలిసొచ్చింది. పైజామా బొందు నా చేతిలో ఉంది. పిల్లి అందులో లేదు.

అది రోడ్డుకి అడ్డంగా పరిగెత్తి, అవతల లోయ అంచున ఉన్న పిట్టగోడ ఎక్కి కూర్చుంది. హారన్ కొట్టిన లారీ కీచుమని ఆగింది. మమ్మల్ని చూసి కాదు, పిల్లి అడ్డొచ్చిందని. పైనుంచి దిగుతున్న లారీ కూడా ఆగింది. దాని వెనక ఇంకోటి. అందరూ ఎవరో ఒకరు ముందు దాటితే ఆ దోషం వాళ్ళకి పోతుంది, మనం తర్వాత వెళ్ళొచ్చని ఎదురుచూస్తున్నారు. ఎవరూ కదలరు. ఒక సర్దార్జీ దిగి, మూడు అడుగులు వెనక్కి నడిచి, ఉమ్మేసి మళ్ళీ ఎక్కాడు. అయినా కదల్లేదు. అది వాళ్ళ దగ్గరి పరిహారం కాబోలు. మనవైపు కూర్చుని నీళ్ళు తాగుతాం. భాష మారింది, తిండి మారింది, కాని పిల్లి దగ్గర దేశమంతా ఒక్కటేనని అక్కడ గర్వంగా అనిపించింది.

గర్వపడే తీరిక లేదు. నేను ఒక అడుగు వేస్తే చిట్టెమ్మ లోయవైపు ఒక అడుగు వేసేది. "చిట్టెమ్మా, రామ్మా, మా తల్లివి కదూ" అని నేను రోడ్డు మధ్య మోకాళ్ళ మీద కూర్చుని బతిమాలుతుంటే, లారీలవాళ్ళందరూ కిటికీల్లోంచి తలలు బయటపెట్టి చూస్తున్నారు.

"బావా," అన్నాడు వెనకనుంచి అప్పలరాజు మెల్లగా. అతని గుప్పిట్లో ఎండు నెత్తళ్ళు ఉన్నాయి. "మడా, పిల్లా? సెప్పు."

నేను మొహం పక్కకి తిప్పుకుని, "పెట్టు" అన్నాను.

ఒకటి విసిరాడు. చిట్టెమ్మ వాసన చూసింది. తల ఎత్తి మావైపు చూసింది. ఇన్నేళ్ళూ ఈ సంగతి నా దగ్గర దాచారా అన్నట్టుంది ఆ చూపు. తినేసింది. రెండోది కొంచెం దగ్గరగా, మూడోది ఇంకొంచెం. నాలుగోది అప్పలరాజు అరచేతిలో తింటుండగా నేను మెడ పట్టుకుని గంపలో వేసి మూత బిగించి దాని మీద కూర్చున్నంత పని చేశాను.

లారీలు ఇంకా అలాగే ఉన్నాయి. అప్పలరాజు మీసం తుడుచుకుని, "మన పిల్లే కదేటి, మనకి దోసం లేదు" అని వ్యాను ముందుకి తీశాడు. మేం దాటగానే ఘాటు మొత్తం ఒక్కసారి హారన్‌లు కొట్టి కదిలింది. సర్దార్జీ మాకు దండం పెట్టాడు.

ఆ తర్వాత కాంకేర్‌లో పెరుగన్నం పెడితే చిట్టెమ్మ దాన్ని ముందుకాలుతో కప్పెట్టబోయింది. రాయపూర్‌లో మిగతా మూటలు దింపేదాకా గంపలోంచి అటే చూస్తూ కూర్చుంది.

దుర్గ్

దీపాలు పెట్టే వేళకి పద్మ ఇల్లు చేరాం. పద్మ గుమ్మంలోనే గంప అందుకుంది. అప్పలరాజు లోపలికి రానని బయటే మొహం కడుక్కుంటున్నాడు, అక్కయ్యకి చేపల వాసన తగులుతుందని.

అక్కయ్య గోడవైపు తిరిగి ఉంది. మనిషి సగం అయిపోయింది. ఎంత గట్టి మనిషి మా అక్కయ్య! నాకు ఏడుపొచ్చింది. తలుపులేసి, గంప మంచం పక్కన పెట్టి మూత తీశాను. చిట్టెమ్మ బయటికొచ్చి, గది మూలమూలా వాసన చూసి, అక్కయ్య కేసి కన్నెత్తి కూడా చూడకుండా మంచం కిందికి వెళ్ళిపోయింది.

"నన్ను మర్చిపోయిందిరా రామం" అంది అక్కయ్య.

"కొత్త చోటు కదా అక్కయ్యా, కాస్త ఆగు."

కాసేపటికి అది మంచం ఎక్కింది. ఆవిడ పొట్ట పక్కన మూడు చుట్లు తిరిగి పడుకుంది. అక్కయ్య దాని వీపు మీద చెయ్యి వేసి నిమిరింది. తర్వాత పెరుగన్నం కలిపించి, తన చేత్తో ముద్ద చేసి నోటి దగ్గర పెట్టింది. చిట్టెమ్మ మూతి తిప్పుకుంది. మళ్ళీ పెట్టింది. మళ్ళీ తిప్పుకుంది. అక్కయ్య వంగి దాని మూతి వాసన చూసింది.

"ఒరేయ్, దీని నోరు నీచు కంపు కొడుతోందేంట్రా?"

నేను సీలింగు ఫ్యాను చాలా శ్రద్ధగా చూస్తున్నాను. వీధిలోంచి అప్పలరాజు దగ్గు వినిపించింది.

"మాట్లాడవేంరా వెధవా! పెరుగన్నంతో పెంచిన పిల్లని ఏం చేశార్రా మీరిద్దరూ?" అని లేచి కూర్చుంది. తిట్టింది. ఎంత తిట్టిందంటే, పద్మ పక్కగదిలోంచి పరిగెత్తుకొచ్చి నోటికి చెంగు అడ్డం పెట్టుకుని నిలబడిపోయింది. తిట్టి తిట్టి అలిసిపోయాక, చేతిలో ముద్ద పారెయ్యడం ఇష్టంలేక తనే నోట్లో పెట్టుకుంది. తర్వాత గిన్నెలో ఉన్నది కూడా.

మర్నాడు బయల్దేరాలి. జగదల్‌పూర్‌లో చింతపండు లోడు ఎదురుచూస్తోందని అప్పలరాజు పొద్దుటినుంచీ తొందర పెడుతున్నాడు. అక్కయ్య ఇంకా మంచం దిగలేదు. కాలు కదపమంటే చాలు, "వద్దమ్మా, ప్రాణం పోతుంది" అంటోంది. సరే, అన్నమైనా తింది కదా అనుకుని కాళ్ళకి దండం పెట్టి, సంచీ తీసుకుని గడప దాటబోయాను. అక్కయ్య మంచాన్ని ఆనుకునే వేలాడుతున్న గది కర్టెన్ కిందనుంచి చిట్టెమ్మ బయటికొచ్చి నా కాళ్ళకి అడ్డంగా నడిచి వెళ్ళింది.

"పిల్లి ఎదురొచ్చింది" అంది అక్కయ్య లోపలినుంచి. "కూర్చో. రేపు వెళ్దువు గాని."

"ఇంట్లో పిల్లికి దోషం లేదన్నది నువ్వే కదా అక్కయ్యా?"

"అది మన ఇంట్లో. ఇది అల్లుడిగారి ఇల్లు."

బయట అప్పలరాజుకి చెప్తే ఇంజను ఠక్కున ఆపేశాడు. చింతపండు ఎక్కడికీ పోదట. అతనికి చెప్పుండాల్సింది కాదు.

ఆ మర్నాడు పొద్దున అప్పలరాజు మళ్ళీ బండి తిప్పి పెట్టుకుని రెడీగా ఉన్నాడు. నేను చెప్పులేసుకుంటూ ఒక కన్ను కర్టెన్ మీద ఉంచాను. చిట్టెమ్మకి నిద్రొస్తున్నట్టుంది, బయటికి రావడానికి ఇష్టపడటం లేదు. తల బయట, ఒళ్ళు లోపల. అప్పుడు దాని వెనకనుంచి ఒక పాదం వచ్చింది. నేలకి ఆని, మెల్లగా, బొటనవేలితో పిల్లిని నా దారిలోకి తోసింది. ఆ కాలే. రాడ్డు ఉన్న కాలు.

నేను చెప్పులు విప్పేశాను.

"ఏం చేస్తాం అక్కయ్యా, శకునం బాగోలేదు. కూర్చుంటాను గాని, కాస్త మంచినీళ్ళు ఇప్పించు" అన్నాను గట్టిగా.

వంటింట్లోంచి పద్మ రాబోయింది. "నువ్వుండవే" అంది అక్కయ్య. కర్టెన్ అవతల మంచం కిర్రుమంది. తర్వాత ఇన్నాళ్ళూ మూల పడి ఉన్న చేతికర్ర చప్పుడు. ఆగి, మళ్ళీ. పద్మ గోడకి ఆనుకుని నిలబడిపోయింది. బిందె మూత తీసిన చప్పుడు, గ్లాసు ముంచిన చప్పుడు, మళ్ళీ కర్ర చప్పుడు ఇటువైపు.

గ్లాసు నా చేతికి వచ్చేసరికి సగం నీళ్ళు దారిలోనే ఒలికిపోయాయి. మిగిలిన సగం నిలబడే తాగబోయాను.

"కూర్చుని తాగరా" అంది అక్కయ్య, కర్ర మీద రెండు చేతులూ ఆనించి నిలబడి రొప్పుతూ. "శకునానికి."